పది దోమలు, పది అణాలు

(మన ఆరోగ్యం, మన చరిత్ర – 9వ భాగం)



ఈ భాగం రెండు వారాలు ఆలస్యమైంది. మా బాలాపూర్‌లో ఇంటికొక జ్వరం నడుస్తోంది. మా తమ్ముడి బిడ్డకు డెంగీ వస్తే నేను కూడా దవాఖానల చుట్టూ తిరిగాను. ఆ సంగతి చివర్లో చెప్తాను. ముందు మా క్లాసులో వచ్చిన ఒక ప్రశ్నతో మొదలుపెడతాను.

ఆగస్టు 20న మా కాలేజీలో ర్యాలీ తీశారు. ఆ రోజు ప్రపంచ దోమల దినం. 1897లో సరిగ్గా అదే తేదీన మన సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ సైనిక డాక్టర్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. పిల్లలు రాస్ ఫోటో, ఒక దోమ బొమ్మ పట్టుకుని రోడ్డు చివరిదాకా పోయి వచ్చారు. తర్వాతి పీరియడ్ నాది. డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి లేచి అడిగింది: "మేడం, రాస్ సార్ దోమ కడుపు కోసిండు, అందులో క్రిమి దొరికింది, సరే. మరి ఆ దోమ ఎవరి రక్తం తాగింది?"

క్లాసు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసి పదేళ్లుగా పాఠం చెప్తున్న నాకు, ఇంత సూటి ప్రశ్న ఎందుకు తట్టలేదు అనిపించింది. ఆ అమ్మాయికి చెప్పిన జవాబునే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఆ దోమలు తాగింది హుసేన్ ఖాన్ రక్తం. మలేరియాతో ఆస్పత్రిలో ఉన్న రోగి ఆయన. ఒక్కో దోమతో కుట్టించుకున్నందుకు ఒక్కో అణా ఇచ్చారు. పది దోమలు కుట్టాయి. పది అణాలు. రూపాయికి పదహారు అణాలు కాబట్టి, రూపాయి కూడా కాదు.

*

రాస్ ఎవరు?

రాస్ పుట్టింది ఇక్కడే, 1857 మే 13న, హిమాలయాల దగ్గరి ఆల్మోరాలో. సిపాయిల తిరుగుబాటు మొదలైన వారం అది. తండ్రి బ్రిటిష్ ఇండియా సైన్యంలో పెద్ద అధికారి. కొడుకుకు డాక్టర్ కావాలని లేదు. కవిత్వం, సంగీతం, బొమ్మలు, లెక్కలు ఇష్టం. తండ్రి బలవంతం మీద లండన్‌లో వైద్యం చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో చేరాడు. చాలా ఏళ్లు మామూలు సైనిక డాక్టర్‌గానే గడిపాడు. నవలలు రాశాడు, పద్యాలు రాశాడు. మధ్యలో సెలవు మీద ఇంగ్లండ్ పోయి ప్రజారోగ్యంలో డిప్లొమా చేశాడు, సూక్ష్మజీవుల శాస్త్రం నేర్చుకున్నాడు.

మలార్యా అనే ఇటాలియన్ మాటకు అర్థం చెడుగాలి. చిత్తడి నేలల నుంచి లేచే విషపు గాలి వల్ల ఈ జ్వరం వస్తుందని శతాబ్దాలుగా నమ్మారు. 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచ్ సైనిక డాక్టర్ రోగి రక్తంలో ఆ క్రిమిని చూశాడు. మరి అది ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి ఎట్లా పోతుంది? 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ అనే డాక్టర్, రాస్‌కు ఆ క్రిమిని మైక్రోస్కోప్‌లో చూపించి తన ఊహ చెప్పాడు. దీని వెనక దోమ ఉంది.

మాన్సన్‌కు ఆ ఊహ ఊరికే రాలేదు. అంతకు ముందు 1877లో చైనాలోని అమోయ్ రేవులో పనిచేస్తున్నప్పుడు, బోదకాలు జబ్బు క్రిములు దోమ ఒంట్లో పెరుగుతాయని ఆయన కనిపెట్టాడు. అందుకోసం ఎవరిని దోమలతో కుట్టించాడో తెలుసా? తన ఇంటి తోటమాలిని. ఆయన పేరు హిన్ లో.

తోటమాలి పేరు గుర్తుంచుకోండి. ఈ కథలో ఇట్లాంటి పేర్లు ఇంకా వస్తాయి.

*

1895: అబ్దుల్ ఖాదిర్, లచ్చుమన్

1895 ఏప్రిల్‌లో రాస్ సికింద్రాబాద్ వచ్చి, బేగంపేట దగ్గర ఉన్న 19వ మద్రాస్ పదాతి దళానికి డాక్టర్‌గా చేరాడు. సిపాయిల వేళ్లు సూదితో పొడిచి రక్తం చూడటం మొదలుపెట్టాడు. సిపాయిలకు అది నచ్చలేదు. సూది పోటుకు డబ్బులిస్తానన్నాక కొందరు ముందుకొచ్చారు. అట్లా దొరికిన మొదటి రోగుల్లో ఒకాయన అబ్దుల్ ఖాదిర్. ఆయన రక్తంలో నెలవంక ఆకారంలో క్రిములు బాగా కనిపించాయి. ఆయన మీద దోమలు వదిలి, ఆ దోమల్ని కోసి చూశాడు రాస్.

అప్పటికి మాన్సన్ ఊహలో ఒక పెద్ద తప్పుంది. దోమ ఒక్కసారే రక్తం తాగి, గుడ్లు పెట్టి, నీళ్లలో పడి చస్తుందని, ఆ నీళ్లు తాగిన మనిషికి జ్వరం వస్తుందని ఆయన అనుకున్నాడు. దాన్ని పరీక్షించాలి. రోగుల్ని కుట్టిన దోమలు చచ్చిన నీళ్లు ఎవరో ఒకరు తాగాలి. ఎవరు తాగాలి?

తాగినాయన పేరు లచ్చుమన్ అని రాస్ రాసుకున్నాడు. ఇరవై ఏళ్ల పిల్లవాడు, ఒంట్లో ఏ జబ్బూ లేదు. మన ఊళ్లలో అయితే లచ్చన్న అనో లచ్చుమయ్య అనో పిలుచుకునే పేరు. ఆ నీళ్లు తాగిన కొన్ని రోజులకు ఆయనకు జ్వరం వచ్చింది. రాస్ ఆశపడ్డాడు. మళ్లీ మళ్లీ ఇంకొంతమందికి తాగించాడు. చివరికి తేలింది ఏమిటంటే, నీళ్లతో మలేరియా రాదు. లచ్చుమన్ తాగిన నీళ్లు ఒక తప్పు ఊహకు కట్టిన మూల్యం.

ఇక్కడ ఒక మాట. వీళ్లందరిదీ మన కులమే అని నేను రాయను. పేర్లను చూసి కులాలు కల్పించే చరిత్ర మనకొద్దు. వీళ్లు పేదవాళ్లు, పై అధికారి ముందు కాదనే ధైర్యం లేనివాళ్లు. మనకు ఆ సంబంధం చాలు.

ఇంకో మాట కూడా న్యాయంగా చెప్పాలి. శాస్త్రం కోసం డాక్టర్లు తమ ఒంటిని కూడా పణంగా పెట్టారు. 1900లో మాన్సన్ తన సొంత కొడుకును, వైద్య విద్యార్థిని, రోమ్ నుంచి తెప్పించిన మలేరియా దోమలతో లండన్‌లో కుట్టించాడు. కొడుకుకు జ్వరం వచ్చింది, క్వినైన్ ఇచ్చి బాగుచేశారు. ఆ ప్రయోగంతో దోమ సిద్ధాంతాన్ని లోకమంతా నమ్మింది. అదే ఏడాది క్యూబాలో వాల్టర్ రీడ్ బృందం యెల్లో ఫీవర్ మీద ప్రయోగాలు చేసినప్పుడు, ఒప్పుకున్న వాళ్లతో ఒప్పందం కాగితం రాయించుకుంది. పాల్గొంటే వంద డాలర్ల బంగారం, జబ్బు వస్తే ఇంకో వంద. అంటే మనిషి ఒంటి మీద ప్రయోగం చేయాలంటే అతనికి అన్నీ చెప్పి ఒప్పించాలన్న ఆలోచన ఆ కాలంలోనే ఉంది. కాగితం ఎవరి చేతికి వచ్చింది, అణా ఎవరి చేతికి వచ్చింది అన్నదే తేడా.

*

1897: రెండు ఊళ్లు

1895 సెప్టెంబర్‌లో రాస్‌ను బెంగళూరు పంపించారు. అక్కడ కలరా. ఈ భాగాన్ని పాఠ్యపుస్తకాలు వదిలేస్తాయి కానీ, నా లెక్కన రాస్ జీవితంలో ఇది ముఖ్యమైన మలుపు. మైక్రోస్కోప్ పక్కన పెట్టి వీధుల్లో తిరిగాడు. బావులు, మోరీలు, పాయఖానాలు, చెత్తకుప్పలు చూశాడు. జబ్బు రోగి ఒంట్లోనే ఉండదు, వీధిలో కూడా ఉంటుందని చూసి నేర్చుకున్నాడు. ఆ వీధుల్ని శుభ్రం చేసింది ఎవరో మీకు నేను చెప్పక్కర్లేదు. రోగం వచ్చినప్పుడు మొదట పిలిచేదీ, రోగం పోయాక మొదట మరిచిపోయేదీ ఆ చేతుల్నే.

1897 వసంతంలో ఊటీ కింద సిగూర్ ఘాట్‌లో మలేరియాను వెతుకుతూ పోయిన రాస్‌కే మలేరియా పట్టుకుంది. కోలుకుని జూన్‌లో సికింద్రాబాద్ తిరిగొచ్చాడు.

అదే ఏడాది మన వైపు చరిత్రలో ఏం జరిగిందో పక్కపక్కన పెట్టి చూడండి. 1896లో బొంబాయిలో మొదలైన ప్లేగు పుణెకు పాకింది. 1897 ఫిబ్రవరి 4న అంటువ్యాధుల చట్టం వచ్చింది. కరోనా కాలంలో మళ్లీ బయటికి తీసింది ఆ చట్టాన్నే. సోల్జర్లు ఇళ్లలో జొరబడి రోగుల్ని లాక్కుపోయేవాళ్లు. జనం రోగుల్ని దాచేవాళ్లు. అప్పుడు సావిత్రీబాయి ఫూలే, డాక్టర్ అయిన తన పెంపుడు కొడుకు యశ్వంత్‌ను పిలిపించుకుని పుణె శివార్లలో ప్లేగు రోగుల కోసం వైద్యశాల పెట్టించారు. ముంఢ్వా దగ్గరి మహర్ వాడలో పాండురంగ్ అనే పిల్లవాడికి ప్లేగు సోకిందని తెలిసి, భుజాన వేసుకుని వైద్యశాలకు మోసుకొచ్చారు. ఆ జబ్బు ఆమెకు అంటుకుంది. 1897 మార్చి 10న కన్నుమూశారు. తర్వాత కొన్నేళ్లకు డాక్టర్ యశ్వంత్ కూడా ప్లేగు రోగులకు సేవ చేస్తూ అదే జబ్బుతో పోయారు.

మార్చిలో పుణె. ఆగస్టులో సికింద్రాబాద్. ఒకచోట అంటరానివాళ్ల బిడ్డను ఎత్తుకున్న చేతులు. ఇంకోచోట దోమ కడుపును విప్పిన చేతులు. మనకు రెండు చేతులూ కావాలి. అయితే ఆగస్టు 20న కాలేజీలన్నీ ర్యాలీ తీస్తాయి, మార్చి 10న మన సంఘాలు తప్ప ఎవరూ తీయరు.

*

ఆగస్టు 20

ఆ ఎండాకాలం, ఆ ఉక్కపోత రాస్ తన జ్ఞాపకాల పుస్తకంలో వివరంగా రాశాడు. పంకా వేసుకోవడానికి లేదు, గాలికి కోసిన దోమ ముక్కలు ఎగిరిపోతాయి. చెమట కారి మైక్రోస్కోప్ స్క్రూలు తుప్పుపట్టాయి. దోమ వెనక దోమను కోశాడు. ఏమీ లేదు. ఎందుకంటే అన్నాళ్లూ ఆయన కోసినవి వేరే రకం దోమలు.

ఆగస్టు మధ్యలో ఆయన సహాయకులు కొత్తరకం లార్వాలు తెచ్చారు. వాటి నుంచి రెక్కల మీద మచ్చలున్న దోమలు పుట్టాయి. ఇవే మనం ఇప్పుడు అనాఫిలిస్ అంటున్న దోమలు. ఆ లార్వాలు ఏ కుంటలో, ఏ గుంటలో దొరికాయో వెతికి తెచ్చింది ఆస్పత్రి నౌకర్లే. కథ మలుపు తిరిగింది వాళ్ల చేతుల మీదుగా.

ఆగస్టు 16న ఆ దోమల్ని హుసేన్ ఖాన్ మీద వదిలారు. తర్వాతి రోజుల్లో ఒక్కొక్క దోమనూ కోస్తూ వచ్చాడు రాస్. 20వ తేదీకి కొన్నే మిగిలాయి. ఒకదాన్ని కోసి కడుపు గోడను చూస్తుంటే, అక్కడ ఉండకూడని గుండ్రటి కణాలు కనిపించాయి. వాటిలో నల్లటి రేణువులు. మలేరియా రోగి రక్తంలోని క్రిముల్లో కనిపించే రేణువులే అవి. మర్నాడు ఇంకో దోమను కోశాడు. కణాలు అంతకు ముందటి రోజుకన్నా పెద్దగా ఉన్నాయి. అంటే అవి బతికే ఉన్నాయి, పెరుగుతున్నాయి. తాగిన రక్తంలోని క్రిమి దోమ ఒంట్లో ఇంకో దశకు మారుతోంది.

ఆ సంతోషంలో రాస్ ఒక పద్యం రాశాడు. ఆ పద్యం ఇప్పటికీ ప్రసిద్ధం. సాహిత్యం చదివినదాన్ని కాబట్టి దాన్ని నేను చాలాసార్లు చదివాను. అందులో దేవుడున్నాడు. హుసేన్ ఖాన్ లేడు.

కానీ ఇది కూడా చెప్పాలి. మనకు హుసేన్ ఖాన్ పేరు తెలిసింది రాస్ రాసి పెట్టడం వల్లే. ఎంతిచ్చాడో కూడా దాచలేదు. ఆయన రాసిన పేరును మన పాఠ్యపుస్తకాలే మింగేశాయి. నేను చదివిన ఏ తరగతి పుస్తకంలోనూ ఆ పేరు లేదు.

తర్వాతి కథ వేగంగా చెప్తాను. ఆ డిసెంబర్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాస్ వ్యాసం వచ్చింది. ఈలోపే సర్కారు ఆయన్ని రాజ్‌పుతానాకు బదిలీ చేసింది, పని ఆగిపోయింది. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసే అవకాశం వచ్చింది. మహమ్మద్ బక్స్ అనే సహాయకుడి తోడుతో, దోమ కడుపులో పెరిగిన క్రిములు దాని లాలాజల గ్రంథుల్లోకి చేరి, కుట్టినప్పుడు ఇంకో పక్షి ఒంట్లోకి పోతాయని ఆ జూలైలో తేల్చాడు. వలయం పూర్తయింది. అదే ఏడాది ఇటలీలో గ్రాసీ బృందం మనిషి మలేరియాకు అనాఫిలిస్ దోమే కారణమని చూపించింది. ఈ ఘనత ఎవరిదని రాస్, గ్రాసీ చచ్చేదాకా తిట్టుకున్నారు. 1902లో నోబెల్ రాస్‌కు వచ్చింది. ఇద్దరు పెద్దమనుషులు ఘనత కోసం ముప్ఫై ఏళ్లు కొట్లాడుకున్నారు. ఆ పంచాయితీలో అణా తీసుకున్నవాళ్ల ప్రస్తావన ఎక్కడా రాదు.

*

దోమల లెక్క, డబ్బు లెక్క

నోబెల్‌తో రాస్ పని అయిపోలేదు. 1899లో సైన్యం వదిలి లివర్‌పూల్ చేరాడు. పశ్చిమ ఆఫ్రికాలో ఫ్రీటౌన్, ఈజిప్టులో ఇస్మాయిలియా, హిందూ మహాసముద్రంలో మారిషస్ తిరిగాడు. ఆయన సలహా చాలా సింపుల్: నిలిచిన నీళ్లను పూడ్చండి, పారించండి, నూనె చల్లండి. అందుకు మనుషుల్ని పెట్టి జీతాలివ్వండి. సూయెజ్ కాలువ కంపెనీ పట్టణమైన ఇస్మాయిలియాలో కంపెనీ డబ్బు ఖర్చుపెట్టింది. కొద్ది ఏళ్లలోనే అక్కడ మలేరియా దాదాపు మాయమైంది.

మరి రాస్ పుట్టి, పనిచేసిన ఇండియాలో? లాహోర్ దగ్గరి మియాన్ మీర్ కంటోన్మెంట్‌లో 1902 నుంచి 1909 దాకా దోమల నిర్మూలన ప్రయోగం చేశారు. చాలీచాలని డబ్బుతో, కొద్ది చోట్ల చేసి, ఫలితం రాలేదన్నారు. ఈ దేశంలో దోమల్ని తగ్గించడం కుదరదని తేల్చారు. రాస్ మండిపడ్డాడు. అరకొరగా చేసి, ఆ వైఫల్యాన్ని సిద్ధాంతం మీదికి తోస్తారా అన్నది ఆయన వాదన. సోల్జర్లకు క్వినైన్ ఇస్తే చాలనుకున్న సర్కారుకు, పేట పేటకూ మోరీలు తవ్వించే ఉద్దేశమే లేదు.

రాస్ లెక్కల మనిషి కదా, 1908 నుంచి 1911 మధ్య ఆయన ఇంకో గొప్ప పని చేశాడు. మలేరియా పోవాలంటే దోమలన్నీ చావాలా? అవసరం లేదు అని గణితంతో చూపించాడు. దోమల సంఖ్య ఒక మట్టం కిందికి దిగితే చాలు, ఒక రోగి నుంచి వచ్చే కొత్త రోగుల సంఖ్య తగ్గుతూ పోయి జబ్బు తనంతట తానే ఆరిపోతుంది. కరోనా రోజుల్లో టీవీల్లో మనం విన్న "ఒకరి నుంచి ఎంతమందికి" అనే లెక్కకు మూలాలు అక్కడే ఉన్నాయి.

ఈ లెక్కలో మనకు పనికొచ్చే రాజకీయం ఉంది. మట్టం అనేది ఊరంతటికీ కలిపి ఉంటుంది. ఊరిలో సగం వదిలేసి సగం బాగుచేస్తే మట్టం దిగదు. వాడను వదిలేసి ఊరు బాగుపడటం ఈ జబ్బు విషయంలో లెక్క ప్రకారమే కుదరదు. రాస్‌కు మన కులం గురించి ఆ ఆలోచన ఉండి ఉండదు. కానీ ఆయన సమీకరణం మన పక్షాన సాక్ష్యం చెప్తుంది.

*

మా తాత పంపు

ఇప్పుడు మా ఇంటి కథ. దేశానికి స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఏటా ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చేదని, ఎనిమిది లక్షల మంది చనిపోయేవారని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 1958లో దాన్ని నిర్మూలన కార్యక్రమంగా మార్చారు. ఆయుధం డీడీటీ. అనాఫిలిస్ దోమ రక్తం తాగాక బరువెక్కి దగ్గరి గోడ మీద వాలుతుంది. గోడకు మందు ఉంటే చస్తుంది. అందుకని ఏడాదికి ఇన్నిసార్లని ప్రతి ఇంటి లోపలి గోడలకూ మందు కొట్టాలి. ఒక్క గది వదిలేసినా దోమకు అదే ఆశ్రయం.

మా తాత అట్లా మందు కొట్టే రోజు కూలీ. పంపు పని ఇద్దరిది. ఒకరు బకెట్లో పంపు కొడుతుంటే ఇంకొకరు గొట్టం పట్టుకుని గోడకు పట్టించాలి. పని అయ్యాక తలుపు పక్కన గోడ మీద తేదీ రాయాలి. చదువు రాని మా తాత అంకెలు నేర్చుకున్నది ఆ గోడల మీదే.

మా వాడలో మందు కొడతామంటే అందరూ రమ్మనేవాళ్లు, నల్లులు కూడా చస్తాయని. ఊరి నడుమ పెద్దిళ్లకు పోతే వేరే సంగతి. తాత చెప్పేవాడు: "అర్ర ముందట్నే ఆపేటోళ్లు బిడ్డా. వంటింట్ల మీరు అడుగువెట్టుడేంది, దేవునర్ర మైల పడ్తది, బయట కొట్టి పోరా అనేటోళ్లు. పశువుల కొట్టానికి కొట్టి, అర్గుకు కొట్టి, గోడ మీద తారీకు రాసి ఒచ్చేటోళ్లం."

తేదీ రాశారు కాబట్టి రిజిస్టర్‌లో ఆ ఇల్లు పూర్తయినట్టే. ఊళ్లో జ్వరాలొచ్చినప్పుడు మాత్రం, చెరువు కిందుండే మాల మాదిగ వాడల మురికి వల్లే వచ్చాయనేవాళ్లు.

ఇది మా ఒక్క ఊరి కథని తీసిపారేయకండి. మీ ఇళ్లలో డెబ్బై దాటిన పెద్దవాళ్లుంటే అడగండి. వంటింట్లో, పూజగదిలో మందు కొట్టనివ్వకపోవడం, కొట్టిన గోడను మర్నాడే అలికేయడం ఆ కార్యక్రమానికి పెద్ద అడ్డంకులు. అయినా ఆ కూలీల కష్టానికి ఫలితం వచ్చింది. 1965 నాటికి దేశంలో కేసులు దాదాపు లక్షకు దిగాయి. తర్వాత సర్కారు పట్టు సడలించింది, నిధులు తగ్గాయి, దోమలు డీడీటీకి అలవాటు పడ్డాయి. 1976లో కేసులు మళ్లీ 64 లక్షలు దాటాయి. పుస్తకాల్లో నిర్మూలన విఫలమైంది అని ఒక వాక్యం ఉంటుంది. మందు నిరోధకత గురించి ఒక పేరా ఉంటుంది. మందు కొట్టేవాణ్ణి గడప బయట నిలబెట్టిన నిరోధకత గురించి ఉండదు.

*

ఇప్పటి బాలాపూర్

ఇప్పుడు మా ఊరు ఊరు కాదు. లడ్డూ వేలం రోజున టీవీలో కనిపించే బాలాపూర్ వేరు, మేముండే బాలాపూర్ వేరు. ఒకప్పటి పొలాల్లో కాలనీలు లేచాయి. బతుకుదెరువుకు వచ్చిన జిల్లాల వాళ్లు, దేశం విడిచి పారిపోయి వచ్చిన రోహింగ్యాలు, పాత వాడ వాళ్లం అందరం ఇక్కడే. మీర్‌పేట, జిల్లెలగూడ వైపు చెరువుల్లో మోరీ నీళ్లు, గుర్రపు డెక్క.

మా బస్తీలో నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. అందుకే ప్రతి ఇంటి ముందు నీలం డ్రమ్ము. డెంగీ దోమ ఏడిస్ పెరిగేది మంచినీళ్లలోనే. ఆ డ్రమ్ములో, పూలకుండీ కింద పళ్లెంలో, టైర్‌లో. ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు నిలవ నీళ్లు పారబోయండి అని ఒక ప్రచారం నడిచింది. మంచి సలహానే. కానీ సోమవారం నల్లా రాకపోతే ఆదివారం పారబోసిన నీళ్లు ఎక్కడ్నుంచి తెచ్చుకోవాలి? రోజూ నీళ్లొచ్చే కాలనీలో డ్రమ్ము అవసరం లేదు. మాకు డ్రమ్ము లేకుంటే పూట గడవదు. జ్వరం వస్తే మాత్రం, వీళ్లకు శుభ్రత తెలియదు అంటారు. తాత కాలం నాటి మాటే, మాట్లాడేవాళ్లే మారారు.

కేసులు పెరగ్గానే పొగ బండి వస్తుంది. పొగకు ఎగిరే దోమలే కొన్ని చస్తాయి, నీళ్లలోని లార్వాలు చావవు. వారానికల్లా కొత్త దోమలు. లార్వాలను వెతికి చంపే పని ఇంటింటికీ తిరిగి చేయాల్సిన పని. దానికి మనుషులు కావాలి, వాళ్లకు జీతం కావాలి. పొగ బండికి ఫోటో బాగా వస్తుంది. డ్రమ్ములోకి తొంగిచూసే మనిషికి ఫోటో లేదు. వీపున మందు డబ్బా మోసుకుని మా గల్లీకి వచ్చే తమ్ముడు అవుట్‌సోర్సింగ్. ఒకరోజు జ్వరంతో మానేస్తే ఆ రోజు జీతం కోత అని చెప్పాడు. నాకు మా తాత గుర్తొచ్చాడు.

మా తమ్ముడి బిడ్డ సంగతి. ఆరేళ్లు. నాలుగో రోజు జ్వరం తగ్గింది, బాగయిందనుకున్నాం. ఆ సాయంత్రం కడుపునొప్పి, వాంతులు. దగ్గర్లోని ఒక ప్రైవేటు ఆస్పత్రికి పరిగెత్తితే, ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి, ఎక్కించాలి, ముందు యాభై వేలు కట్టండి అన్నారు. మా దగ్గర అన్ని లేవు. ఆటోలో నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి పోయాం. మన ముసలివాళ్లు ఇప్పటికీ 'కోరంటి' అంటారు. క్వారంటైన్ అనే మాట మన నోట్లో పడి కోరంటి అయింది. వందేళ్లు దాటిన ఆ ఆస్పత్రి అసలు పేరులో ఉన్నది సర్ రోనాల్డ్ రాసే. అక్కడ ప్లేట్‌లెట్లు ఎక్కించలేదు. సెలైన్ జాగ్రత్తగా లెక్కేసి ఇచ్చారు, గంటగంటకూ చూశారు. ఐదో రోజు ఇంటికి పంపారు. ఒక్క రూపాయి కట్టలేదు.

విద్యార్థి మిత్రులు ఇది రాసిపెట్టుకోండి. డెంగీలో ప్రమాదం తరచుగా జ్వరం తగ్గేటప్పుడే మొదలవుతుంది. విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మనిషి మగతగా ఉండటం కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. జ్వరానికి పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. ప్లేట్‌లెట్ల సంఖ్య చూసి భయపెడితే, రక్తస్రావం ఉందా అని అడగండి. చాలామందికి అవసరమయ్యేది సరైన లెక్కలో ద్రవాలు, కనిపెట్టి చూసుకునే డాక్టర్, నర్సు.

*

మనం ఏం తీసుకోవాలి

రాస్‌ను తిట్టడానికి ఈ వ్యాసం రాయలేదు. ఆయన మొండితనం లేకపోతే ఇంకెన్నాళ్లు చెడుగాలిని తిట్టుకుంటూ చచ్చేవాళ్లమో. బేగంపేటలో పాత విమానాశ్రయం దగ్గర ఆయన పనిచేసిన భవనం ఉంది, ఉస్మానియా యూనివర్సిటీ ఆధీనంలో. పోయి చూడండి. అక్కడ నిలబడి రాస్‌తో పాటు హుసేన్ ఖాన్‌ను, అబ్దుల్ ఖాదిర్‌ను, లచ్చుమన్‌ను కూడా తలుచుకోండి. వచ్చే ఆగస్టు 20న మా కాలేజీ ర్యాలీలో ఆ మూడు పేర్లు కూడా అట్టల మీద ఉంటాయి. ప్రశ్న అడిగిన అమ్మాయే రాస్తానంది.

పేర్లు రాయడంతో అయిపోదు. ఈ సెలవుల్లో మీ బస్తీలో ఒక యాభై ఇళ్లు తిరగండి. మూడే ప్రశ్నలు అడగండి. నల్లా నీళ్లు వారానికి ఎన్ని రోజులు వస్తున్నాయి? ఈ ఏడాది ఇంట్లో ఎవరికైనా డెంగీ గానీ మలేరియా గానీ వచ్చిందా, వస్తే ఎంత ఖర్చయింది? లార్వాలు చూడటానికి మనిషి చివరిసారి ఎప్పుడొచ్చాడు? పక్క కాలనీలో కూడా అవే ప్రశ్నలు అడిగి, రెండు జాబితాలు పక్కపక్కన పెట్టండి. ఆ కాగితం పట్టుకుని వార్డు ఆఫీసుకు పోదాం. రోజూ నీళ్లు, మందు కొట్టే కార్మికులకు పర్మినెంట్ ఉద్యోగం, జ్వరమొస్తే జీతంతో సెలవు అడుగుదాం. కోరంటి లాంటి సర్కారు దవాఖానలకు ఇంకా బెడ్లు, ఇంకా నర్సులు కావాలని అడుగుదాం. రాస్ 1910లో పుస్తకం రాసి అడిగింది కూడా ఇంచుమించు ఇదే. నూట పదేళ్లు దాటినా అడుగుతూనే ఉన్నాం.

మా తాత గోడల మీద రాసిన తేదీలు సున్నాల కింద పోయాయి. ఆయన చివరిదాకా ఒక మాట అనేవాడు: "నేను కొట్టని అర్రల్నే దోమలు బతికినయ్ బిడ్డా." రాస్ గణితమంతా ఆ ఒక్క మాటలో ఉందని డాక్టరేట్ చేశాక గానీ నాకు అర్థం కాలేదు.

వచ్చే భాగంలో భాగ్యరెడ్డి వర్మ గారి వాలంటీర్ల గురించి. హైదరాబాద్‌లో అంటువ్యాధులు వచ్చి, సొంతవాళ్లే శవాలను ముట్టుకోనప్పుడు, ముట్టరానివాళ్లని ఊరు పేరుపెట్టిన మన పిల్లలు ముందుకొచ్చిన కథ అది. మీ ఇళ్లలో ప్లేగు, కలరా, మందు కొట్టిన రోజుల జ్ఞాపకాలుంటే కామెంట్లలో రాయండి. పెద్దవాళ్లు ఉన్నప్పుడే అడిగి రాసుకుందాం.

జై భీమ్. జై సావిత్రీబాయి.

(ఇంకా ఉంది)